ఊరి వ్యాపారం, నాలుగో పాఠం: సున్నా కూలి

ఈసారి లాభాన్ని ఎలా పంచుకోవాలో చెబుతానని మూడో పాఠం చివర మాటిచ్చాను. చెప్పడం లేదు. మీరు పంపిన లెక్కలు చూశాక, పంచుకోవడానికి అక్కడ లాభమే లేదని తేలింది.

పోయినసారి నేను అడిగింది చిన్న పనే. ఏదైనా ఒక సరుకు తీసుకుని, ఒక్క విడత తయారీకి ఎంత ఖర్చయిందో, ఎంతకు అమ్మారో రాయమన్నాను. అప్పడాలు, కారప్పొడి, విస్తరాకులు, గానుగ నూనె, పిల్లల గౌన్లు, ఇలా రకరకాల లెక్కలు వచ్చాయి. పప్పు ధర పైసలతో సహా రాశారు. ఒకరైతే అగ్గిపెట్టె ఖర్చు కూడా వేశారు, మెచ్చుకున్నాను. కానీ ఇంచుమించు ప్రతి కాగితంలోనూ ‘కూలి’ అన్న వరుస ఖాళీగా ఉంది. లేదంటే దాని ఎదురుగా ‘మనమే చేసుకున్నాం, సున్నా’ అని ఉంది. తప్పులో కొంత నాదే. కూలి వేయమన్నాను గానీ ఎవరి కూలి అన్నది విడమరచలేదు. అది అందరికీ తెలిసిందే అనుకున్నాను.

ఒక పొదుపు సంఘం వారి అప్పడాల లెక్క తీసుకుందాం. మొత్తాలను కొంచెం గుండ్రం చేశాను. పది కిలోల మినప్పప్పు 1300 రూపాయలు. ఉప్పు, సోడా, మిరియాలు, ఇంగువ, నూనె కలిపి 200. పిండి మర 50. ప్యాకెట్లు, లేబుళ్లు 100. ఆటో 100. మొత్తం 1750. పావు కిలోకు కాస్త తక్కువగా, 200 గ్రాముల చొప్పున 50 ప్యాకెట్లు వచ్చాయి. ఒక్కొక్కటి 45కు అమ్మారు, 2250 వచ్చాయి. ‘లాభం 500, తలా వంద’ అని కింద రెండు గీతలు గీసి మరీ రాశారు.

ఐదుగురు మహిళలు రెండు మధ్యాహ్నాలు కలిపి తలా ఆరు గంటలు పనిచేశారు. అంటే 30 గంటలు. 500ను 30తో భాగించండి. గంటకు 16 రూపాయల 66 పైసలు. అదే ఐదుగురు పొలం పనికి వెళితే రోజుకు 400 వస్తుందనుకుందాం, ఎనిమిది గంటలకు. అంటే గంటకు 50. మీ ఊళ్లో రేటు వేరే ఉంటే అదే వేసుకోండి. ఆ లెక్కన 30 గంటలకు 1500 కూలి. ఖర్చు 1750 కాదు, 3250. అమ్మింది 2250కి. వెయ్యి రూపాయల నష్టం. ఆ వెయ్యి ఎక్కడినుంచి వచ్చింది? ఆ ఐదుగురి రెక్కల నుంచి. ప్రతి ప్యాకెట్టు మీద కొన్నవారికి 20 రూపాయలు ఎదురిచ్చి పంపారన్నమాట.

ఇక్కడ నాకు వచ్చే జవాబు ముందే తెలుసు. ‘ఇంట్లో ఊరికే కూర్చునే వేళలో చేసిన పనే కదండీ.’ ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది, దాచుకోను. ఊరికే కూర్చునే మహిళను నేను ఏ ఊళ్లోనూ చూడలేదు. సరే, నిజంగానే ఖాళీ వేళ అనుకుందాం. వరినాట్లు మొదలైన రోజున ఏమవుతుంది? పొలంలో రోజుకూలి చేతికి అందుతుంది, అప్పడాలలో వంద అందుతుంది. ఇద్దరు మానేస్తారు. మిగిలిన ముగ్గురి మీద పని పడుతుంది. ఒకరికి నడుము నొప్పి మొదలవుతుంది. దుకాణదారుడు అడిగిన రోజుకు సరుకు ఉండదు. మూడు నెలలకు సంఘం మూతపడుతుంది. అప్పుడు ఊరంతా కలిసి ‘ఆడవాళ్ల మధ్య ఐకమత్యం లేదు’ అని తీర్పు చెబుతుంది. ఐకమత్యం ఉంది. లేనిది కూలి వరుసలో అంకె.

విస్తరాకుల యంత్రం పెట్టినప్పుడు నేనూ ఇదే చేశాను. ఏడాదిన్నర పాటు నా పని, మా ఆవిడ పని, మా పెదనాన్న కొడుకు పని ఏదీ లెక్కలో లేదు. పుస్తకంలో మాత్రం ప్రతి నెలా లాభమే. అన్నయ్య వేరే పని చూసుకుని వెళ్లిపోయాక, అతని చోట మనిషిని పెడదామని జీతం అడిగితే గుండె ఆగినంత పనైంది. ఆ జీతం మా ‘లాభం’ కంటే ఎక్కువ.

కాబట్టి నియమం ఇది. సరుకు మీద ఎవరి చెయ్యి పడినా ఆ గంట రాయాలి. పిండి దంచిన అత్తగారి గంట, స్టిక్కర్లు అతికించిన డిగ్రీ పిల్లవాడి గంట, మబ్బు పట్టినప్పుడు మేడమీదికి పరుగెత్తి అప్పడాలు లోపలికి తెచ్చిన గంట, గిన్నెలు తోమిన గంట, బాకీ కోసం దుకాణం చుట్టూ తిరిగిన గంట. ఈ చివరిది ఎవరూ రాయరు, అదే ఎక్కువగా తింటుంది. అందుకే నేను దుకాణాలకు అరువివ్వడానికి పూర్తిగా వ్యతిరేకిని. మీరు ఒప్పుకోనక్కర్లేదు, కానీ తిరిగిన గంటలు మాత్రం వేయండి. గడియారం చూసి రాయడం కష్టమైతే నా పద్ధతి వాడుకోండి: గోడ మీద సుద్దముక్కతో అరగంటకొక గీత. ఫోనులో రాసుకునే పద్ధతులు ఉన్నాయంటారు, నాకు గోడే నచ్చింది. అందరి కంటా పడుతుంది, కొట్టేయడానికి మొహమాటపడతారు.

ఇంటి అద్దె, గ్యాసు, కరెంటు కూడా ఇలాగే సున్నా అవుతుంటాయి. వాటి సంగతి ఆరో పాఠంలో.

‘65 రూపాయలంటే ఎవరు కొంటారు?’ న్యాయమైన ప్రశ్న. 3250ను 50 ప్యాకెట్లతో భాగిస్తే వచ్చేది 65, అదీ దుకాణదారుడి వాటా వేయకుండా. కొనకపోవచ్చు. అప్పుడు తగ్గించాల్సింది గంటలు, గంట విలువ కాదు. పిండి కలిపే పని ఒక్కచోటికి తెచ్చి, ఒత్తేవారు ఒత్తడమే చేస్తే 30 గంటలు 22 కావచ్చు. అప్పుడు ధర 57కు దిగుతుంది. అయినా అమ్ముడుపోకపోతే ఆ సరుకు మీకు గిట్టదు. మరొకటి చూసుకోవాలి. ఆ సంగతి మొదటి విడతలోనే తెలియడం ఎంత మేలో మూతపడిన సంఘాలను అడగండి.

అప్పడాల మాట వచ్చింది కనుక మహిళలే నడిపే అప్పడాల సంస్థ లిజ్జత్ సంగతి చెప్పాలి. 1959 మార్చి 15న బొంబాయి గిర్గావ్‌లో ఏడుగురు మహిళలు ఒక భవనం డాబా మీద కూర్చుని, అప్పు తెచ్చిన 80 రూపాయలతో మొదలుపెట్టారు. మొదటిరోజు చేసింది నాలుగు ప్యాకెట్లు. నష్టమొచ్చినా విరాళం మాత్రం తీసుకునేది లేదన్నారు. అప్పిచ్చిన ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ లెక్కలు సరిగ్గా రాయమని పట్టుబట్టేవారు. ఇదంతా చాలామంది చెప్పే కథే. నేను చూడమనేది వేరే చోట. అక్కడ సభ్యురాలు ఉదయం కేంద్రంలో కలిపిన పిండి ఇంటికి తీసుకెళుతుంది, ఒత్తి ఆరబెట్టి మరుసటి ఉదయం తెచ్చి అప్పగిస్తుంది, ఒత్తుడు కూలి అందుకుంటుంది. ఆమె యజమానే, అయినా కూలి ముందు అందుతుంది. లాభనష్టాలు ఆ తర్వాత పంచుకుంటారు. ఏడుగురితో మొదలైన సంస్థ వేలమందికి పని ఇచ్చే స్థాయికి వచ్చిందంటే ఈ వరుసక్రమం పాత్ర ఎంతో ఉందని నా నమ్మకం. ఆ ఏడుగురిలో ఒకరైన జస్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ ఇచ్చారు.

ఇప్పుడు అసలు పాఠం. ఇది చిన్నది.

‘మా వ్యాపారం వల్ల ఊరు బాగుపడుతుంది’ అని అందరూ రాశారు. ఎంత? కొలవడం కష్టమేమీ కాదు. అమ్మిన మొత్తాన్ని తీసుకుని, ప్రతి ఖర్చు ఎదురుగా ‘ఊళ్లో’ లేదా ‘బయట’ అని రాయండి. మధ్యలో ‘మండలం’ అని మూడో వరుస పెట్టేవారున్నారు. వద్దు, అది మనల్ని మనం మోసం చేసుకోవడమే. ఖర్చుపెట్టిన రూపాయిని ఒక్క అడుగు వరకే వెంబడించండి. ఆటో డ్రైవరు డీజిలు ఎక్కడ కొట్టిస్తాడో మనకు అనవసరం.

సంఘం మొదటి లెక్కలో 2250లో ఊళ్లో మిగిలింది: మర 50, ఆటో 100, వారు లాభమనుకున్న 500. మొత్తం 650. నూటికి 29. కూలి వేసి 65కు అమ్మగలిగితే 3250లో 1650, నూటికి 51. పప్పు పట్నంలో కాకుండా, మినుములు పండించిన మీ ఊరి రైతు దగ్గరే కొని, ఊరి మరలోనే పొట్టు తీయించి, అదే 1300లో ముగించగలిగారనుకోండి. 2950 ఊళ్లోనే, నూటికి 91. ఆటో, అప్పడాలు, మనుషులు అన్నీ పాతవే. మారినవి రెండే: కూలి వరుస (దానితో పాటే ధర), పప్పు కొన్న చోటు.

దీనికి మన దగ్గరే పెద్ద ఉదాహరణ ఉంది. తెలంగాణలోని ముల్కనూరు సహకార గ్రామీణ బ్యాంకును 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి స్థాపించారు. పేరు బ్యాంకే గానీ అప్పులతో ఆగలేదు. సభ్యులు పండించిన వడ్లు తానే కొంది, విత్తన వ్యాపారంలోకి దిగింది. అప్పు ఇవ్వడంతో పాటు, ఆ అప్పుతో పండిన పంట కూడా సంఘం చేతుల మీదుగా వెళ్లేలా చూసుకుంది. అదే ప్రాంతంలో తర్వాత మహిళల పాల సహకార సంఘం కూడా వచ్చింది. నిధులు తేవడమే గ్రామాభివృద్ధి అనుకునేవారు ముల్కనూరు ఒకసారి చూసి రావాలి. సంఘం నమోదు ఎలా అని ఇద్దరు అడిగారు. 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఒక దారి ఉంది. కానీ కూలి లెక్క తేలని సంఘానికి నమోదు పత్రం గోడకు తగిలించుకోవడానికి తప్ప పనికిరాదు, కనుక తొందరపడకండి.

అభ్యాసం. రాసేసరికి చోటు అయిపోయింది, కానీ ఈసారి బరువైనదే ఇస్తున్నాను. పద్నాలుగు రోజులు, ఒక్క రోజూ వదలకుండా, సరుకు మీద పడ్డ ప్రతి చేతి గంటనూ రాయండి. పేరు వేయండి, ‘ఇంట్లోవాళ్లు’ అని రాయకండి. పదిహేనో రోజున సంఘమంతా కూర్చుని ధర మళ్లీ కట్టండి, ఆపైన ఊరి వాటా తీయండి. చివరగా, కొత్త యంత్రమేదీ కొనకుండా ఒక విడతలో రెండు గంటలు తగ్గించి చూపించండి. ఎలా తగ్గించారో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. గంటకు పది రూపాయలు వేసి తగ్గించామనే లెక్క పంపితే చదవను.