ఫోన్లో కనపడే విమానం స్పీడు ఎలా చదవాలి, డాబా మీద పడుకుని మనమే ఎలా లెక్కేయాలి

మన కోనసీమలో ఏ వీధి తీసుకున్నా కువైట్లోనో మస్కట్లోనో దుబాయ్‌లోనో ఉన్నవాళ్ళు నలుగురు తేలతారండి. వాళ్ళు ఫ్లైట్ ఎక్కారంటే చాలు ఇక్కడ ఇంట్లోవాళ్ళంతా విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్ తెరిచి ఆ పసుపు విమానం బొమ్మనే చూస్తూ కూర్చుంటారు. చూడండి, మంచిదే. కానీ బొమ్మ నొక్కితే వచ్చే స్పీడు అంకె ఎలా చదవాలో తెలియక "ఇందాక 480 ఉంది, ఇప్పుడు 400 కి పడిపోయింది, ఏమైందో ఏంటో" అని పెద్దవాళ్ళు హడలిపోతున్నారు. ఆ భయం పోవాలనే ఇది రాస్తున్నా.

ముందు ఆ అంకె గంటకి కిలోమీటర్లు కాదు, నాట్లు. ఒక నాట్ అంటే గంటకి 1.852 కి.మీ. నోటిలెక్క కావాలంటే అంకెని రెట్టింపు చేసి, వచ్చినదాంట్లోంచి పదో వంతు కన్నా కాస్త తక్కువ తీసేయండి. 450 నాట్లంటే 900, అందులోంచి ఓ 70 తీస్తే 830 కి.మీ., అసలు లెక్క 833, సరిపోయింది కదా. అదీ ఎందుకనుకుంటే యాప్ సెట్టింగ్స్‌లో యూనిట్లు మార్చుకోవచ్చు.

ఇక ఏ విమానం ఎంత పోతుందంటే, మన మధురపూడి (రాజమండ్రి విమానాశ్రయం) నించి హైదరాబాదుకి ఎక్కే ఫ్యాన్ల విమానం ఏటీఆర్ 72 ఉంది చూడండి, అది పైకెళ్ళాక గంటకి 500 కి.మీ. చిల్లర. 2024 డిసెంబరులో అక్కడినించే ముంబైకీ ఢిల్లీకీ మొదలైన ఎయిర్‌బస్ ఎ320 లాంటి జెట్‌లు 830, 840 దాకా పోతాయి. అమెరికా, యూరప్ పోయే బోయింగ్ 787 లాంటి పెద్దవి 900. ఇంకా స్పీడుగా ఎందుకు పోవంటే శబ్దం స్పీడు అడ్డొస్తుంది. నేల దగ్గర శబ్దం గంటకి 1,225 కి.మీ. పోతుంది గానీ 35 వేల అడుగుల పైన మైనస్ యాభై డిగ్రీల పైచిలుకు చలి ఉంటుంది కాబట్టి అక్కడ దాని స్పీడు 1,060, 1,070 దగ్గరికి పడిపోతుంది, విమానం దానికి బాగా దగ్గరైతే రెక్కల మీద గాలి ఒత్తిడి అలలు పుట్టి విమానాన్ని వెనక్కి పట్టే లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది, ఆయిల్ ఊరికే కాలిపోతుంది. కాంకార్డ్ అనే విమానం 1976 నించి 2003 దాకా శబ్దానికి రెట్టింపు స్పీడులో జనాన్ని మోసింది, ఆ ఖర్చు తట్టుకోలేకే ఆగిపోయిందనేది నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. యాప్‌లో కనపడేది నేల మీద లెక్కకొచ్చే స్పీడు, దాన్నే గ్రౌండ్ స్పీడ్ అంటారు. విమానానికి కావాల్సింది అది కాదు, చుట్టూ ఉన్న గాలిలో తను ఎంత స్పీడులో పోతుందన్నదే. పాపికొండలు బోటు ఎక్కినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు, ఇంజను అంతే తిరుగుతుంది గానీ ఏటికి ఎదురెక్కేటప్పుడు గట్టు నెమ్మదిగా వెనక్కి పోతుంది, దిగువకి వచ్చేటప్పుడు చకచకా పోతుంది. పైన గాలి కూడా అలాగే. అంకె 480 నించి 400 కి పడిందంటే చాలాసార్లు ఎదురుగాలి తగిలిందనే అర్థం, లోపల కూర్చున్నవాళ్ళకి తేడా కూడా తెలియదు.

చలికాలంలో ఉత్తరభారతం, గల్ఫ్ మీదుగా పడమర నించి తూర్పుకి బలమైన గాలి వీస్తుంది, దాన్ని జెట్ స్ట్రీమ్ అంటారు. అందుకే మనవాళ్ళు దుబాయ్ వెళ్ళేటప్పుడు ఎక్కువసేపు, వచ్చేటప్పుడు తక్కువసేపు పడుతుంది. లెక్కేసి చూడండి, హైదరాబాదు నించి దుబాయ్ దగ్గర దగ్గర 2,550 కి.మీ., విమానం గాలిలో 840 పోతుంది, గాలి 100 అనుకుందాం. వెళ్ళేటప్పుడు 740 మిగులుతుంది, 3 గంటల 27 నిమిషాలు. వచ్చేటప్పుడు 940, 2 గంటల 43 నిమిషాలే. ముప్పావుగంట తేడా ఒక్క గాలి వల్లే. టికెట్ మీద టైములు చూసి లెక్కేసేవాళ్ళు ఆ ఊరి టైము సర్దడం మర్చిపోవద్దు, దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక, కువైట్ రెండున్నర గంటలు వెనక, ఇది వదిలేస్తే లెక్క మొత్తం తప్పిపోతుంది.

వానాకాలంలో మాత్రం మన నెత్తి మీద కథ తిరగబడుతుంది. జూన్ నించి సెప్టెంబరు దాకా దక్షిణాదిలో బాగా ఎత్తున తూర్పు నించి పడమరకి గాలి పరుగెడుతుంది. ఈ తూర్పు జెట్ గురించి 1958 లో వివరంగా పేపరు రాసింది పంచేటి కోటేశ్వరం గారు, మన వాతావరణ శాఖకి అధిపతిగా కూడా చేశారు. అంత పెద్ద సంగతి కనిపెట్టిన మనిషి పేరు మన పిల్లల పుస్తకాల్లో ఇంకా గట్టిగా వినపడాలి అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

గాలి ఎంత పని చేస్తుందో చూడాలంటే 2020 ఫిబ్రవరిలో తుఫాను గాలి వెనకనించి తోస్తే న్యూయార్క్ నించి లండన్‌కి ఒక బోయింగ్ 747 విమానం 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, నేల మీద లెక్కకి గంటకి 1,300 కి.మీ. దాటింది. అయినా అది శబ్దాన్ని దాటినట్టు కాదు, గాలిలో దాని స్పీడు మామూలే.

అంకె పడిపోవడానికి ఇంకో రెండు మూడు కారణాలున్నాయి. 10 వేల అడుగుల కింద మామూలుగా 250 నాట్లు మించకూడదని రూలు, కాబట్టి దిగే ముందు స్పీడు తగ్గడం ఖాయం. ఎ320 నేల తాకేటప్పటికి 130, 140 నాట్లే ఉంటుంది. శంషాబాద్‌లో రద్దీ ఉంటే గుండ్రంగా తిప్పుతారు, బొమ్మ మ్యాపులో గిరగిరా తిరిగినా కంగారేం లేదు. అరేబియా సముద్రం మధ్యలో బొమ్మ ఆగిపోవడం, మాయమవడం కూడా మామూలే, ఒడ్డున ఉన్న రిసీవర్లకి మూడు నాలుగు వందల కిలోమీటర్లు దాటితే సిగ్నల్ అందదు, యాప్ అంచనా వేసి చూపిస్తుంది. అవతలి ఒడ్డు దగ్గర మళ్ళీ తేలుతుంది.

యాప్ చెప్పింది నమ్మడమే కాదు, మనమే కొలవచ్చు. కొబ్బరిచెట్ల కింద నించుంటే ఆకాశం కనపడదు గాబట్టి డాబా మీదకో ఏటిగట్టు మీదకో వెళ్ళాలి. చెన్నై వైపు కోల్‌కతా వైపు పోయేవి కోస్తా వెంబడి మన మీదుగా పోతుంటాయి. వెల్లకిలా పడుకుని, చేతులు నిటారుగా పైకి చాపి, రెండు పిడికిళ్ళు పక్కపక్కన విమానం పోయే దారి వెంబడి పెట్టండి, సరిగ్గా నడినెత్తిన. చాచిన చేతి పిడికిలి వెడల్పు 10 డిగ్రీల దాకా ఉంటుంది, రెండూ కలిపి 20. విమానం ఈ చివర చేరినప్పుడు స్టాప్‌వాచ్ నొక్కి ఆ చివర దాటినప్పుడు ఆపండి. ఎత్తు యాప్‌లో చూసుకోండి, 35,000 అడుగులంటే 10.67 కి.మీ., దాన్ని 0.35 తో (20 డిగ్రీలకి వచ్చే గుణకం అదే) గుణిస్తే మూడుమ్ముప్పావు కి.మీ. వస్తుంది, అదే ఆ టైములో విమానం పోయిన దూరం. దాన్ని సెకన్లతో భాగించి 3,600 తో గుణించండి. 16 సెకన్లు పట్టిందంటే గంటకి 840 చిల్లర. నడినెత్తిన కాకుండా పక్కనించి పోయేదానికి ఈ లెక్క పనికిరాదు. ఇంకోటి, మోత వినపడ్డ చోట విమానం కోసం వెతక్కండి, అంత ఎత్తునించి శబ్దం కిందకి రావడానికి అరనిమిషం పైనే పడుతుంది, ఈలోపు అది 8 కి.మీ. ముందుకెళ్ళిపోయి ఉంటుంది. పిల్లలతో చేయిస్తే ఒక్క సాయంత్రంలో లెక్కలూ సైన్సూ రెండూ వంటబడతాయి.

మీరే లోపల ఉంటే ఇంకా తేలిక. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉన్నా జీపీఎస్ పనిచేస్తుంది, అది సిగ్నల్ తీసుకోవడమే గానీ పంపడం ఉండదు. కిటికీకి ఆనించి ఏదైనా స్పీడోమీటర్ యాప్ పెట్టి రెండు మూడు నిమిషాలు ఆగండి. రోహిణి కార్తెలో ఎక్కితే రన్‌వే మీద పరుగు కాస్త ఎక్కువసేపు ఉందని గమనిస్తారు, వేడికి గాలి పలచబడి రెక్కలకి పట్టు తగ్గుతుంది, లేవాలంటే నేల మీద ఇంకొంచెం స్పీడు కావాలి, ఇంజను బలం కూడా తగ్గుతుంది. ఎత్తున గాలి పలచగా ఉండడం మాత్రం లాభమే, నేల దగ్గరి దాంట్లో మూడో వంతు కన్నా ఏమంత ఎక్కువ ఉండదు, లాగుడు తక్కువ, అదే ఆయిల్‌తో ఎక్కువ దూరం పోవచ్చు.

చివరగా పికప్‌కి వెళ్ళేవాళ్ళకి. శంషాబాద్ నించి మధురపూడి నేరుగా 360 కి.మీ. దాకా ఉంటుంది, ఏటీఆర్ స్పీడు ప్రకారం ముప్పావుగంట లోపే కానీ విమానం పైకి లేవడం, కిందకి దిగడం నెమ్మది కాబట్టి గంట దాకా వేసుకోండి. అమలాపురం నించి రావులపాలెం మీదుగా కారులో రెండు గంటల పైనే, కాబట్టి విమానం అక్కడ లేచిందని యాప్‌లో చూసి బయల్దేరితే మీకన్నా ముందు వాళ్ళే వచ్చి కూర్చుంటారు. అక్కడ వాళ్ళు సెక్యూరిటీ దాటామని ఫోన్ చేయగానే ఇక్కడ కారు తీసేయండి.