చిర్రుబుర్రులాడటం: ఈ మాటను ఎక్కడ, ఎలా వాడాలి

చిన్నదానికో, అసలేమీ లేనిదానికో ఎదుటివాళ్ల మీద విసుగు వెళ్లగక్కుతూ ఉండటమే చిర్రుబుర్రులాడటం. వాడే ముందు రెండు చూసుకోవాలి. విసుగు మాటలోనో చేతలోనో బయటపడిందా? కారణం చిన్నదేనా? రెండూ అవునైతేనే ఈ మాట. పంట కొట్టుకుపోయి పరిహారం రాని రైతు అధికారులను నిలదీస్తాడు, వాళ్ల మీద మండిపడతాడు. అక్కడ ‘చిర్రుబుర్రులాడాడు’ అని రాస్తే అతని కడుపుమంటను చిల్లర విసుగు కింద జమకట్టినట్టే. వార్తలు రాసేవాళ్లు దీన్ని తప్పక గుర్తుంచుకోవాలి.

‘కస్సుబుస్సు’లాగే ఇదీ జంటమాట. ‘బుర్రు’ను విడదీసి ఈ అర్థంలో ఎవరూ వాడరు. ‘చిర్రు’ మాత్రం విడిగానూ బతుకుతోంది: చిర్రెత్తుకొచ్చింది. తడబాటు ఎక్కువగా ఇక్కడే. చిర్రెత్తడం మనిషి లోపల జరిగేది కాబట్టి ‘కు’ చేరుతుంది: ‘ఆ మాట వినగానే ఆమెకు చిర్రెత్తుకొచ్చింది.’ చిర్రుబుర్రులాడటం మనిషి చేసే పని. అందుకే ‘ఆమె చిర్రుబుర్రులాడుతోంది’ అనాలి. ‘ఆమెకు’ అంటే వాక్యం కుంటుతుంది. చిర్రెత్తినా పైకి నవ్వుతూ ఉండొచ్చు. నవ్వుతూ చిర్రుబుర్రులాడటం కుదరదు.

ఎవరి మీద అన్నది ‘మీద’తోనే చెప్పాలి: ‘పొద్దున్నుంచీ పిల్లల మీద చిర్రుబుర్రులాడుతున్నాడు.’ ‘పిల్లల్ని’ అనే వాక్యం కట్టాలంటే ‘కసురుకున్నాడు’ అనండి. కసురు ఒక్క మాటతో తేలిపోతుంది, చిర్రుబుర్రు కాసేపు సాగుతుంది. అందుకే దీనికి ‘లాడుతూ’, ‘లాడుతున్నాడు’, ‘లాడుతుంటాడు’ రూపాలు బాగా అతుకుతాయి. ఒక్కసారి జరిగినదానికి ‘చిర్రుబుర్రుమన్నాడు’ నయం. ముందు ‘అయినదానికీ కానిదానికీ’ గానీ ‘చీటికీ మాటికీ’ గానీ పెడితే కారణం చిన్నదన్న సంగతి వేరే చెప్పక్కర్లేదు.

దీని చుట్టాలను కలిపేయకండి. ధుమధుమ ముఖంలో కనిపిస్తుంది. రుసరుసలాడుతూ మనిషి విసురుగా లేచి వెళ్లిపోతాడు. అలక పూర్తిగా వేరు. అందులో మాట తగ్గిపోతుంది, మూతి ముడుచుకుంటుంది, ఎవరైనా వచ్చి బతిమాలాలన్న ఆశ ఉంటుంది. పెళ్లిలో అలకపాన్పు ఎక్కిన అల్లుడు ఆ బుజ్జగింపు కోసం కూడా ఎదురుచూస్తాడు. కనుక అలక మనవాళ్ల మీదే సాగుతుంది. చిర్రుబుర్రు బస్సులో పక్క సీటతని మీదైనా చూపించొచ్చు, దాన్ని ఎవరూ తీర్చక్కర్లేదు. ఆకలి తీరితేనో, తలనొప్పి తగ్గితేనో అదే పోతుంది. ఇక ‘ముక్కోపి’ అన్నది స్వభావానికి పేరు. ఒక పూట విసుక్కున్న మనిషికి ఆ ముద్ర వేయడం అన్యాయం.

మర్యాద సంగతి. చిన్నవాళ్లతో, స్నేహితులతో ‘ఎందుకలా చిర్రుబుర్రులాడతావ్?’ అనొచ్చు. పెద్దవాళ్లతో ‘చిర్రుబుర్రులాడకండి’ అంటే చివర ‘అండి’ ఉన్నా గౌరవం నిలవదు, ఎందుకంటే ఆ మాటే వాళ్ల ప్రవర్తనను తప్పుపడుతోంది. ‘కాస్త చిరాకుగా ఉన్నట్టున్నారు’ అంటే వాళ్ల స్థితిని గమనించినట్టు ఉంటుంది, నింద ఉండదు. పెద్దాయన గది బయట ఇంట్లోవాళ్లకు హెచ్చరిక చెప్పేటప్పుడూ ఇదే మేలు: ‘నాన్నగారు చిరాకుగా ఉన్నారు, కాసేపాగి వెళ్లు.’

‘చిర్రుబుర్రు’ అని రాసేటప్పుడు రెండు చోట్లా ‘ర్ర’ ఒత్తు పడాలి. ‘చిరుబురులాడటం’ అనే రూపమూ ఉంది, అది అచ్చుతప్పు కాదు.