నేత రాజీనామా చేయాలా? నేను తేల్చుకునే పద్ధతి

ఓ నేత వివాహేతర సంబంధం బయటపడిందని న్యూస్ డెస్క్‌కు వార్త రాగానే నేను ముందు ఫొటోలు పక్కన పెడతాను. మీరూ అదే చేయండి. బలవంతం, వేధింపు, మైనర్ల ప్రస్తావన ఉంటే అది వ్యక్తిగతం కాదు, నేరం. ఇక చర్చే లేదు.

లేదంటే అబద్ధం కోసం వెతకండి, అదీ ఎక్కడ చెప్పారో చూడండి. 1963లో బ్రిటన్ యుద్ధ మంత్రి ప్రొఫ్యూమో, తన సంబంధం గురించి పార్లమెంటులో బొంకానని ఒప్పుకుని దిగిపోయారు. అమెరికా అధ్యక్షుడు క్లింటన్‌పై 1998 అభిశంసన కూడా ప్రమాణం చేసి అబద్ధమాడారని, న్యాయానికి అడ్డుపడ్డారనే. సెనేట్ నిర్దోషిగా తేల్చింది, ఆయన పదవిలోనే ఉన్నారు. నా లెక్కలో మాత్రం ప్రమాణం తప్పినవారు దిగాల్సిందే.

తర్వాత ప్రజల డబ్బు. ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తెరాఁ రెండో కుటుంబం ప్రభుత్వ వసతిలో ఉండేది. జనం పెద్దగా పట్టించుకోలేదు గానీ, నేనైతే ఆ ఖర్చు గురించే అడుగుతాను.

తాను పెట్టిన రూల్ తానే తప్పారా? 2021లో బ్రిటన్ ఆరోగ్య మంత్రి హాంకాక్ రాజీనామాకు కారణం కోవిడ్ భౌతిక దూరం నిబంధనను తానే తప్పడం.

ఇవేవీ లేకపోతే అది వాళ్లింటి గొడవ. నిలదీయాల్సింది వాళ్లింట్లోవాళ్లు. మీకు నచ్చకపోతే ఓటు ఎలాగూ మీ చేతిలోనే ఉంది.