జపాన్ మిఠాయిలు: 2వ పాఠం – త్సుబుఅన్

పోయిన పాఠంలో బియ్యప్పిండి రకాలు చూశాం. ఈసారి అజుకి అనే చిన్న ఎర్ర గింజలను ఉడికించి చేసే తీపి ముద్ద, అంకో. దైఫుకు, దొరయాకి, ఒహగి లాంటి జపాన్ మిఠాయిల్లో ఏది తిన్నా సగం రుచి దీనిదే. గింజ కనబడేలా ఉంచితే త్సుబుఅన్, పొట్టు వడగట్టేస్తే కోషిఅన్. ముందు త్సుబుఅన్ రావాలి. గింజ ఉడుకు చేతికి తెలిశాక రెండోది తేలిక.

కావలసినవి: అజుకి గింజలు 200 గ్రాములు, పంచదార 180 గ్రాములు, చిటికెడు ఉప్పు. అజుకికి పేరు మోసిన ప్రాంతం జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలోని తొకాచి. బెల్లం వేయకండి, గింజ వాసనను మింగేస్తుంది.

నానబెట్టక్కర్లేదు. అజుకి పొట్టు నీటిని సులువుగా లోపలికి రానివ్వదు. కడిగి, 800 మి.లీ. నీళ్లు పోసి పెద్ద మంట మీద మరిగించండి. పొట్టు ముడతలు పడగానే ఒక గ్లాసు చన్నీళ్లు పోయండి. జపాన్ వాళ్లు వీటిని 'బిక్కురి మిజు' అంటారు, ఉలిక్కిపడేలా చేసే నీళ్లని. మళ్లీ మరిగి, ముడతలు విచ్చుకుని, నీళ్లు ముదురు ఎరుపుకు తిరిగాక వార్చి పారబోయండి. వగరంతా ఆ నీళ్లలోనే పోతుంది. ఇది మానేస్తే ఎంత పంచదార వేసినా చివర్లో నాలుక పట్టేస్తుంది.

మళ్లీ 800 మి.లీ. కొత్త నీళ్లు పోసి, సన్నని సెగ మీద దాదాపు గంట ఉడికించండి. గింజలు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, తగ్గితే వేడినీళ్లు పోయండి. కుతకుత ఉడకనిస్తే గింజలు పగిలి, లోపలి పిండి బయటపడి, ముద్ద జిగురుగా తయారవుతుంది. ఓ గింజ తీసి బొటనవేలికీ ఉంగరపు వేలికీ మధ్య నొక్కండి. బలం పెట్టకుండానే వెన్నలా నలగాలి. ఒక్క గింజ చాలదు, మూడు నాలుగు చూడండి. పలుకు మిగిలితే ఇంకాస్త ఉడకనివ్వండి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. పంచదార పడ్డాక గింజ మరి మెత్తబడదు, పైగా బిగుసుకుంటుంది. బొబ్బట్ల పూర్ణానికి పప్పు ఉడికాకే బెల్లం వేస్తాం కదా, అలాగే.

ఉడికాక మంట ఆపి, మూతపెట్టి అరగంట మగ్గనివ్వండి. గింజలు మునిగీ మునగనంత నీరు ఉంచి మిగతాది మెల్లగా ఒంపేయండి. పంచదార మూడు విడతలుగా వేస్తూ, మధ్య మంట మీద చెక్క గరిటెతో అడుగు గీకుతూ తిప్పండి. చిందుతుంది, చేయి జాగ్రత్త. గరిటె లాగితే గిన్నె అడుగు క్షణం పాటు కనబడి, గీత మెల్లగా మూసుకుంటుంటే ఉప్పు వేసి దింపేయండి. పలచగా ఉందనిపిస్తుంది, కానీ చల్లారితే గట్టిపడుతుంది. పొయ్యి మీదే గట్టిపడేదాకా ఉంచితే రేపటికి పొడిపొడిగా విరుగుతుంది.

గిన్నెలో వదలకండి, ఆ వేడికి ఇంకా ఇగురుతుంది. చిన్న చిన్న కుప్పలుగా పళ్లెంలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. వచ్చే పాఠంలోని దైఫుకు కోసం 25 గ్రాముల చొప్పున 8 ఉండలు చుట్టి ఫ్రీజర్‌లో పెట్టుకోండి.