టూర్లలో తిండిని ఇలా దారిలో పెట్టుకున్నాను

విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం నాది. నెలలో పదిహేను రోజులు కర్నూలు, నంద్యాల, ఆదోని చుట్టూ తిరగడమే. పొద్దున పూరీ, మధ్యాహ్నం ఫుల్ మీల్స్, రాత్రి పదింటికి లాడ్జి కింద బండి దగ్గర ఫ్రైడ్ రైస్. మధ్యలో డీలర్ల దగ్గర తాగే టీలకు లెక్కే లేదు. నిరుడు పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకూ షుగర్‌కు ముందు దశ అన్నారు డాక్టరు గారు. టెన్షన్ పట్టుకుంది.

మొదట ఇంటి నుంచి క్యారేజీ మోశాను. ఎండాకాలం కదా, మధ్యాహ్నానికే పప్పు పాసిపోయింది. ఆ ముచ్చట రెండు రోజులే.

నకనకలాడే కడుపుతో హోటల్లోకి వెళ్లడమే అసలు చిక్కని తర్వాత తెలిసింది. ఇప్పుడు బ్యాగులో వేయించిన శనగలు, రెండు జామకాయలు ఉంటాయి. పదకొండింటికి, అయిదింటికి అవే. మీల్స్‌లో ముందు పప్పు, కూర ఎక్కువ వేయించుకుని, అన్నం ఒక్కసారే పెట్టించుకుంటాను. (గరిటెతో నిలబడి "ఇంకొంచెం వేయనా సార్" అనే అతనికి వద్దని చెప్పడమే అన్నిటికంటే కష్టం!) రాత్రికి ఆ ఊళ్లలో రోడ్డు పక్కనే జొన్న రొట్టెలు కాల్చి ఇస్తారు. రెండు రొట్టెలు, ఆకుకూర పప్పు, ఎనిమిదిలోపే. టీ మానలేదు, అందులో చక్కెర మానేశాను. డీలర్లు మొదట్లో కాస్త నొచ్చుకున్నారు.

ఆరు నెలలకు 5.8కి దిగింది. పెళ్లి భోజనాల్లో బొబ్బట్టు మాత్రం వదల్లేదు.