డీపీఎఫ్ లైటు వెలిగిందా? పీకించే ముందు ఇవి చూడండి

బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిల్ బండి షెడ్డుకు వెళ్తే తరచూ వినిపించే సలహా ఒకటుంది: "డీపీఎఫ్ తీయించేయండి సార్, టెన్షనే ఉండదు." డీపీఎఫ్ అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టరు. తీయిస్తే లైటు ఆరిపోతుంది, నిజమే. కానీ అసలు జబ్బు అలాగే ఉంటుంది, పైగా చట్టంతో పేచీ మొదలవుతుంది.

సమస్య: డీపీఎఫ్ లైటు వెలిగింది, పికప్ తగ్గింది

కారణం: పొగలోని మసిని ఈ ఫిల్టరు పట్టి ఉంచుతుంది. నిండాక ఇంజిన్ అదనంగా డీజిల్ పంపి, సుమారు 600 డిగ్రీల వేడితో ఆ మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. రోజూ అమీర్‌పేట, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో పాకే బండికి అంత వేడి ఎక్కదు. ఎక్కినా, ఇంటికొచ్చి మధ్యలోనే ఇంజిన్ ఆపేస్తాం. కాలని డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ పెరిగినట్టు కనిపిస్తే సంతోషపడకండి, వెంటనే మార్పించండి.

పరిష్కారం: మాన్యువల్ చూసుకుని, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 60-80 కిలోమీటర్ల వేగంతో, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా ఓ 20 నిమిషాలు నడపండి. ఆ వెంటనే ఎండుగడ్డి మీద మాత్రం పార్క్ చేయొద్దు. ఇంజిన్ లైటు కూడా వెలిగితే సర్వీస్ సెంటర్‌లో రీజెన్ చేయించి, ఇంజెక్టర్లు, ప్రెషర్ సెన్సర్ చూపించండి. మసి కాలుతుంది గానీ బూడిద కాలదు. అందుకని ఫిల్టరు విప్పి, కడిగించి, మళ్లీ బిగించడంలో తప్పేం లేదు. ఖాళీ గొట్టం పెట్టి ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) సాఫ్ట్‌వేర్ మార్పిస్తేనే (రీమ్యాప్) తప్పు.

సమస్య: యాడ్‌బ్లూ ఖర్చు భరించలేక ఎమ్యులేటర్ పెట్టించాలనుంది

యాడ్‌బ్లూ అంటే పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా ద్రావణం. అది అందుతున్నట్టు ఇంజిన్‌ను నమ్మించే పరికరమే ఎమ్యులేటర్. దాన్ని పెట్టించడమూ డీపీఎఫ్ పీకించడం లాంటి తప్పే. ఇంకొందరు పొలం యూరియా నీళ్లలో కలిపి పోస్తారు. మన యూరియాకు వేపనూనె పూత ఉంటుంది, దాంతో పొగను శుద్ధి చేసే క్యాటలిస్ట్ పాడవుతుంది. సబ్సిడీ యూరియాను ఇలా వాడటం వేరే నేరం. 32.5 శాతం యూరియా ఉన్న సీల్డ్ డబ్బానే కొనండి.

సమస్య: తీయించేశాను, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. ఇంకేం ఇబ్బంది?

ఆ పరీక్ష డీజిల్ బండిలో పొగ సాంద్రతనే కొలుస్తుంది. బీఎస్6కు పరిమితి మీటరుకు 0.7 (పొగ వెలుతురును ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత). ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) మూసేసినా, యాడ్‌బ్లూ ఆపేసినా పెరిగే నైట్రోజన్ ఆక్సైడ్లు దానికి కనిపించవు. కాబట్టి ఆ కాగితం మార్పుకు అనుమతి కాదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) కింద అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకు ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. కాలుష్య ప్రమాణాలు తప్పిన బండి నడిపితే 190(2) కింద తొలిసారి మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడు నెలలు లైసెన్సూ పోతుంది. పాత భాగాలు దాచి ఉంచి ఉంటే బిగించి, కంపెనీ సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించండి.

సమస్య: సెకండ్‌హ్యాండ్ బండి, అనుమానంగా ఉంది

సైలెన్సర్ గొట్టం చల్లబడ్డాక లోపల వేలు పెట్టి రుద్దండి. డీపీఎఫ్ బాగున్న బండిలో వేలికి పెద్దగా ఏమీ అంటదు. చిక్కటి నల్లమసి అంటుకుంటే ఫిల్టరు పగిలి ఉండాలి, లేదా అసలు ఉండకపోవాలి. లిఫ్ట్ ఎక్కించి చూపించండి. లేదని తేలితే కొత్త ఫిల్టరు ఖర్చు బేరంలో తగ్గించండి, ఓనరు ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి.