మెర్సెన్ సంఖ్య ప్రధాన సంఖ్యో కాదో కాగితం మీద తేల్చడం ఎలా?

2ను ఏదో ఒక ఘాతానికి పెంచి 1 తీసేస్తే వచ్చేదే మెర్సెన్ సంఖ్య. 127 అలాంటిదే. అది ప్రధాన సంఖ్యేనా అని చూడటానికి 2, 3, 5, 7, 11లతో భాగిస్తే చాలు. బడిలో నేర్పినది అదే. కానీ 39 అంకెలున్న 2¹²⁷−1 దగ్గర ఆ పద్ధతి చేతులెత్తేస్తుంది. అయినా 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ లూకా అది ప్రధాన సంఖ్యేనని కంప్యూటర్ లేకుండానే తేల్చారు. ఆయన పద్ధతిని 1930లో అమెరికా గణితవేత్త లేమర్ సులువు చేశారు. దాన్ని 127 మీదే ప్రయత్నిద్దాం. ఒక పెన్ను, అరపేజీ కాగితం ఉంటే సరిపోతుంది.

1. ముందు ఘాతం చూడండి. 127 అంటే 2⁷−1, కాబట్టి ఘాతం 7. అది బేసి ప్రధాన సంఖ్య కావాలి. ఘాతాన్ని చిన్న సంఖ్యల లబ్ధంగా విడగొట్టగలిగితే అసలు సంఖ్యా విడిపోతుంది, ఇక పరీక్షే అక్కర్లేదు.

2. 4తో మొదలుపెట్టి, దాన్ని వర్గం చేసి 2 తీసేయండి. 14 వస్తుంది.

3. 14కూ అదే చేయండి: 196లో 2 పోతే 194. ఇది 127ను దాటింది కాబట్టి శేషం కావాలి. దానికి భాగహారం అవసరం లేదు. 194లో 128 ఒకసారి పోగా 66 మిగులుతుంది. 1, 66 కలిపితే 67. అదే శేషం. 128ని 127తో భాగిస్తే 1 మిగలడమే ఇందులోని కిటుకు. నాకు ఈ పరీక్షలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది ఈ మెట్టే.

4. ఇలాగే సాగండి. 67 నుంచి 4487 వస్తుంది. అందులో 35 సార్లు 128 పోయి 7 మిగులుతుంది, మొత్తం 42. తర్వాత 1762: 13, 98 కలిపి 111. ఆ తర్వాత 12319: 96, 31 కలిపి 127, అంటే సున్నా.

5. మెట్లు లెక్కపెట్టండి. ఘాతం కంటే రెండు తక్కువ, అంటే 5 ఉండాలి. మొదట తీసుకున్న 4ను మెట్టుగా లెక్కించకూడదు. చాలామంది తప్పేది అక్కడే. సరిగ్గా చివరి మెట్టులో సున్నా వస్తే అది ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు.

అంకెల సంఖ్య కావాలంటే ఘాతాన్ని 0.30103తో గుణించి, దశాంశం వదిలేసి 1 కలపండి. 2¹²⁷−1కి 38.23 వస్తుంది కాబట్టి 39. అయితే 2024లో దొరికిన 2¹³⁶²⁷⁹⁸⁴¹−1కి ఈ ఐదు దశాంశాలు చాలవు, ఒక అంకె ఎక్కువ చూపిస్తుంది. అసలు లెక్క 4,10,24,320 అంకెలు.

ఇప్పుడు 2¹¹−1, అంటే 2047 తీసుకుని మీరే చేయండి. తొమ్మిదో మెట్టులో 1736 రావాలి. సున్నా కాదు కాబట్టి అది ప్రధాన సంఖ్య కాదు. కానీ దేనితో భాగించబడుతుందో ఈ పరీక్ష చెప్పదు. కారణాంకం ఏదైనా, ఘాతం 11కి రెట్టింపైన 22 గుణిజం కంటే ఒకటి ఎక్కువే ఉంటుంది కాబట్టి 23తో మొదలుపెట్టండి: 23 × 89. ఇక్కడ మొదటి ప్రయత్నంలోనే దొరికింది. 2⁶⁷−1 ప్రధాన సంఖ్య కాదని కూడా లూకాయే చూపించారు. దాని కారణాంకాలు మాత్రం 1903లో గానీ బయటపడలేదు. వాటిని కనిపెట్టినది అమెరికా గణితవేత్త ఫ్రాంక్ నెల్సన్ కోల్: 193707721 × 761838257287.